కుంపటి తొడుగు

టాటానగర్‌లో, సాక్చిలోని సంస్థ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న శ్యామ్ ఈల వేశాడంటే ఎవరి పొయ్యో బాగా మండుతోందన్నమాట. ఆ శుక్రవారం పొద్దున అతని ఈల డార్కస్‌కి మెట్ల మీదే వినిపించింది.

“దీదీ, ఏ దేఖో!” అంటూ తెర ఆమె వైపు తిప్పాడు. గోల్‌మురిలో పుట్టి పెరిగిన తెలుగువాడే అయినా శ్యామ్ నోరు తెరిస్తే హిందీయే వస్తుంది. తెలుగులో మాట్లాడమంటే పరీక్షకు కూర్చోబెట్టినట్టు తడుముకుంటాడు.

తెర మీద సోనారి తెలుగు బస్తీ ఇళ్లన్నీ చుక్కలుగా ఉన్నాయి. పొయ్యి వాడేకొద్దీ చుక్క ఎర్రబడుతుంది. నూకాలమ్మ ఇంటి చుక్క అన్నిటికంటే ఎర్రగా ఉంది. దాని చుట్టుపక్కల చుక్కలు కూడా ఇంచుమించు అదే రంగులో ఉన్నాయి.

“ఆంటీ సుబహ్ సే షామ్ తక్ పకాతీ హై క్యా?” అని నవ్వాడు శ్యామ్.

డార్కస్‌కి నవ్వు రాలేదు. నూకాలమ్మ ఇంట్లో ఉండేది ఆవిడా, టాటానగర్ స్టేషన్లో బోగీల కింద దూరి పనిచేసే కొడుకు చినబాబూ. ఇద్దరే మనుషులు. పొద్దున ఒక్కసారి వండేసి సాయంత్రం దాకా వీధిలో ముచ్చట్లు చెప్పుకునే మనిషి, పొద్దస్తమానం ఏం వండుతున్నట్టు?

సంస్థ ఇచ్చినవి పొగ రాని పొయ్యిలు. చూడడానికి చిన్న ఇనప పీపాలా ఉంటాయి. పీపా లోపల మంట పెట్టే గిన్నె, దాని కింద బుల్లి ఫ్యాను. రంపపు పొట్టును నొక్కి చేసిన గుళికలు పోసి ముట్టిస్తే పొగ లేకుండా మండుతుంది. పొయ్యీ ఉచితమే, గుళికలూ ఉచితమే. పీపా పక్కన రివెట్లు కొట్టి బిగించిన నల్ల డబ్బీ ఒకటుంది. పీపా ఎప్పుడు వేడెక్కిందో అది ఆఫీసుకు చెబుతుంది. దాన్ని బట్టి ఈ ఇంట్లో ఇంత బొగ్గు కాలలేదు, ఇంత పొగ తగ్గింది అని లెక్కకడతారు. ఆ తగ్గిన పొగకు కార్బన్ క్రెడిట్ అని పేరుపెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు తాము వదిలే పొగలో అంత మేరకు చెల్లు వేసుకుంటారు. బస్తీలో పొయ్యిలు, గుళికలు పంచడం, జనం వాడేలా చూడడం డార్కస్ ఉద్యోగం.

“సోమవారం ఆడిటర్ వస్తాడు, సీతారామరావు గారని వైజాగ్ ఆయన,” అని శ్యామ్ హిందీలో చెప్పుకొచ్చాడు. “ఆయన సరేనంటే మన క్రెడిట్లు అమ్ముడైపోయినట్టే. కొనేది ఎవరో తెలుసా దీదీ? మీ ఏటవతలి వాళ్లే.”

ఏటవతలి వాళ్లంటే ఎవరో బస్తీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఖర్కయి ఏటికి అవతలి ఒడ్డున ఉన్న స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ. గాలి ఇటు మళ్లిందంటే ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి. మూతపెట్టని నీళ్ల మీద నల్లగా తెట్టు కడుతుంది. ఆ గాలితోనే డార్కస్ అత్తగారు అంతోనమ్మకు ఊపిరి కరువైంది. వానాకాలం నుంచి మంచం మీద వెల్లకిలా పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. పొగకు దూరంగా ఉంచమని డాక్టరు చెప్పాడు. ఎంత దూరమో చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

“వాళ్లకి మన క్రెడిట్లెందుకు?” అంది డార్కస్.

“రెండో బట్టీ కట్టుకోవాలి కదా. వచ్చే శనివారం జన్ సున్వాయీ ఉంది, జనం అభ్యంతరాలు వినే సభ. మా పొగంతా చెల్లయిపోయింది, ఇదిగో సర్టిఫికెట్, అదీ మీ బస్తీ పొయ్యిల్లోంచే అని చూపిస్తే ఎవరు నోరెత్తుతారు?”

“చెల్లయిపోడమేటి శ్యామ్? మసి మా ఇళ్ల మీద పడతంది కదా.”

“వో అలగ్ హై దీదీ. వాళ్లు లెక్కేసేది గ్యాస్. గ్యాస్ ఎక్కడ తగ్గినా ఒకటే. మసి వేరే డిపార్ట్‌మెంట్.”

అతను వెటకారానికి అనలేదు. తనకు నేర్పినట్టుగానే చెప్పాడు. అందుకే డార్కస్‌కి ఒళ్లు మండింది. ఒక్క బట్టీకే అత్తయ్య గోడకు ఆనుకుంది. రెండోది వస్తే మనిషి దక్కదు.

*

సోనారిలో ఆటో దిగి ఆమె నేరుగా నూకాలమ్మ ఇంటికే వెళ్లింది. తలుపు తీసే ఉంది. నూకాలమ్మ పెరట్లో గోడ నీడన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన పెద్ద డేగిసాలో నీళ్లు కాగుతున్నాయి. డేగిసా కింద కనిపిస్తున్నది సంస్థ ఇచ్చిన పొయ్యే. నల్ల డబ్బీ కూడా భద్రంగా దానికే ఉంది.

“ఏటే డార్కసూ, ఎండన పడి వచ్చినావు? కూకో. టీ ఎట్టమంటావేటి?”

డార్కస్ కూర్చోలేదు. వంగి చూసింది. పీపా లోపల ఉండాల్సిన గిన్నె లేదు, ఫ్యాను లేదు. పీపా అడుగు కూడా ఊడబీకేసి ఉంది. దాని లోపల నూకాలమ్మ పాత కుంపటి కణకణలాడుతూ కూర్చుంది. చుట్టూ సంస్థ వారి ఇనప పీపా చక్కగా తొడుగులా అమరింది.

“పిన్నీ, ఇదేటిది?”

“ఏటిదంటే? నువ్వే కదే ఇచ్చినావు,” అని నూకాలమ్మ మొహం విప్పార్చుకుంది. “కుంపటికి గాలి తగిలితే బొగ్గు ఊరికే కాలిపోద్ది. ఇది తొడిగినానా, ఇంక సూస్కో, పొద్దున్నేసిన బొగ్గు సాయంత్రం దాకా నిలబడతంది. పైన డేగిసా కూడా ఒరిగిపోకుండా కూకుంటాది. మా చినబాబు డూటీ నుంచి ఏ ఏళప్పుడు దిగుతాడో నాకేటి తెలుసు? ఒళ్లంతా గ్రీసు. ఏణ్నీళ్లు లేకపోతే ఆ జిడ్డు వదల్దు.”

“మరి గుళికలేం చేత్తన్నావు?”

“బొగ్గు ముట్టించడానికి వాటంత మంచివి ఇంకోటి లేవే. గుప్పెడేత్తే సాలు, కిరసనాయిలు కూడా అక్కర్లేదు. ఈదిలో అందరికీ నానే సూపించినాను. పైడితల్లి కూడా ఇలాగే పెట్టుకుంది.”

తెర మీద ఎర్రటి చుక్కలు ఒక్కసారిగా డార్కస్ కళ్ల ముందు కదిలాయి. డబ్బీ చేసిన తప్పేమీ లేదు. పీపా వేడెక్కిందని చెప్పింది, పీపా వేడెక్కింది. లోపల కాలుతున్నదేమిటో దాన్ని ఎవరూ అడగలేదు.

“ఇది ఇలా వాడకూడదు పిన్నీ,” అంది నీరసంగా.

“వాడమన్నావు, వాడతన్నాను. మూలన పడేసినోల్లని అడుగు ముందు.” నూకాలమ్మకు చిన్నబుచ్చుకోవడం క్షణం పని. చిక్కుడుకాయల పళ్లెం అటు తిప్పుకుని కూర్చుంది.

డార్కస్ వీధిలోకి వచ్చి శ్యామ్‌కి ఫోన్ చేసింది. చూసిందంతా చెప్పింది. అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత శ్యామ్ తడుముకోకుండా అచ్చమైన తెలుగులో మాట్లాడాడు.

“దీదీ, సోమవారం పొద్దునకల్లా గిన్నె, ఫ్యాను మళ్లీ బిగించేయమను. ఆంటీని ఆ ఒక్కపూట దాని మీద వండమను. ఈ మాట ఇంకెవరితోనూ అనకు.”

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అంతోనమ్మ వంటకు దిగింది. కోడలు వద్దన్నా వినదు. గుళికలు దోసెడు పోసి, ఫ్యాను మీట నొక్కి, మంట నీలంగా తిరిగాక గిన్నె పెట్టింది. బస్తీ మొత్తం మీద ఆ పొయ్యిని సంస్థ చెప్పినట్టు వాడేవాళ్లు అయిదారు ఇళ్లవాళ్లుంటే, వాళ్లలో మొదటి మనిషి అంతోనమ్మ. భక్తి అంతా పొయ్యి మీదే ఉన్నట్టు రోజూ బూడిద దులిపి గుడ్డతో తుడుస్తుంది. ఇంట్లో బొగ్గు కుంపటి మానేశాక ఆవిడ దగ్గు తగ్గకపోయినా, వంట చేసేటప్పుడు మాత్రం కాస్త తెరిపిగా ఉంటోంది.

డార్కస్ చెప్పిందంతా ఆమె భర్త బాలశౌరి తల వంచుకుని విన్నాడు. అతనిదీ రైల్వేలో కాంట్రాక్టు పనే.

“ఆడిటర్‌కి సెప్పీత్తే ఏటవుద్ది? నీ ఉజ్జోగం పోద్ది. ఆళ్ల బట్టీ ఆగుద్దా?”

“ఆడిటర్ కొట్టేత్తే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే శనివారం ఏటి సూపిత్తారు?”

“నూకాలమ్మ పిన్నిని ఏ మొహం పెట్టుకుని సూత్తావు? మనం వచ్చిన కొత్తలో ఇల్లు సూపించింది ఆవిడే.”

 అంతోనమ్మ అన్నం కలియబెడుతూ ఇద్దరి మాటలూ వింది.  గరిటె గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, గోడ పట్టుకుని లేచి, అలవాటైన చోట కూర్చుని ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మధ్యాహ్నం పొడుగునా ఇంట్లో వినిపిస్తూనే ఉంది.

*

సీతారామరావు గారు పొట్టిగా, గుడ్డ బూట్లు వేసుకుని, భుజాన నీళ్ల సీసాతో వచ్చారు. శ్యామ్ ఆయనకు అడుగడుగునా గొడుగు పడుతున్నాడు. ఆయన మాత్రం ప్రతి ఇంటి దగ్గరా బూట్లు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, పొయ్యిని ముట్టుకుని చూస్తున్నారు. మోసపోవడానికి వచ్చిన మనిషిలా లేరు. అదే డార్కస్‌కి భయమైంది, అదే ధైర్యమూ అయింది.

నూకాలమ్మ ఇంట్లో పెళ్లిచూపుల హడావిడి. పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టింది. డార్కస్ వచ్చి చెప్పాక, వీధిలో అందరిలాగే అడుగు, గిన్నె, ఫ్యాను చినబాబు చేత బిగింపించింది. ఆవిడ ఉడుకుతున్న పప్పు మూత తీసి చూపిస్తుంటే సీతారామరావు గారు మంటలోకి తొంగిచూశారు.

“రోజంతా వాడతారటగా అమ్మా?”

“వాడకేటి బాబూ. మాకు ఇది లేకపోతే రోజెల్లదు,” అంది నూకాలమ్మ. ఆ మాట నిజమే కాబట్టి గొంతు ఏమాత్రం వణకలేదు.

అప్పుడే పెరట్లోంచి గోనె కాలుతున్న వాసన వచ్చింది. పొద్దున నీళ్లు కాచిన కుంపటిని ఆవిడ గోడ వారగా గోనెసంచి కప్పి దాచింది. నిప్పు సరిగా ఆరినట్టు లేదు. సీతారామరావు గారు తల ఎత్తి గాలి పీల్చారు. శ్యామ్ మొహం పాలిపోయింది.

“పక్కింటోల్లు సెత్త కాలుత్తన్నారు బాబూ,” అంది నూకాలమ్మ, డార్కస్ వైపు చూస్తూ.

డార్కస్ చూపు దించుకుంది. ఎదురుగా ఆ ముసలమ్మ నిలబడి ఉండగా ఆ వాసన సంగతి బయటపెట్టలేకపోయింది. సీతారామరావు గారు ట్యాబ్ మీద ఏదో కొట్టుకుని, నమస్కారం పెట్టి, బయటికి నడిచారు. శ్యామ్ గట్టిగా ఊపిరి వదిలాడు.

టీ డార్కస్ ఇంట్లో ఏర్పాటు చేశారు. అంతోనమ్మ గ్లాసు అందించి, గోడకు ఆనుకుని కూర్చుంది. పొయ్యి ఎలా ఉందని ఆయన అడిగారు.

“బాగుంది బాబూ. కళ్లు మండవు. గిన్నె మసి కాదు. మరియమ్మ తల్లి సల్లగా సూసి ఇచ్చింది,” అంటూనే దగ్గు అందుకుంది. ఆ దగ్గు ఎంతకీ తెగలేదు. డార్కస్ మందు తెచ్చి నోటి దగ్గర పెట్టి, వీపు నిమురుతూ కూర్చుంది. ఆయన చేతిలోని టీ మీద మీగడ కట్టింది.

“పొయ్యి పొగ లేదు కదా, మరి ఈ దగ్గేమిటమ్మా?”

 అంతోనమ్మ ఆయాసపడుతూనే తలుపులోంచి ఏటివైపు చెయ్యి చాపింది. అక్కడి ఫ్యాక్టరీ గొట్టం లోంచి పొగ వంకరగా ఇటే వస్తోంది.

సీతారామరావు గారు కాసేపు అటు చూశారు. “నా పని పొయ్యిల వరకేనమ్మా,” అన్నారు, తప్పు చేసినవాడిలా.

“పొయ్యిల గురించే సెప్తాను సార్,” అంది డార్కస్.

శ్యామ్ గ్లాసు కింద పెట్టాడు. “దీదీ,” అన్నాడు మెల్లగా. డార్కస్ అత్తగారి వీపు మీంచి చెయ్యి తీయలేదు. ఆ ఎగశ్వాస అరచేతికి తగులుతుంటే చెప్పేసింది. పీపాలు కుంపట్లకు తొడుగులయ్యాయని, గుళికలతో బొగ్గు ముట్టిస్తున్నారని, డబ్బీలు చెప్పేది బొగ్గు వేడి అని చెప్పింది. ఎవరూ మోసం చేద్దామని చేయలేదు సార్ అని రెండుసార్లు అంది.

ఆయన టీ తాగకుండానే లేచి మళ్లీ నూకాలమ్మ ఇంటివైపు నడిచారు. చుట్టాలు వెళ్లిపోయారుగదా అని ఆవిడ అప్పటికే పొయ్యి విప్పేసింది. పసుపూ బొట్టూ ఉన్న పీపా కుంపటి మీద యథాప్రకారం తొడిగి ఉంది. సీతారామరావు గారు ఫొటో తీసుకున్నారు. వీధి పొడుగునా తిరిగి ఇంకా చాలా ఫొటోలు తీసుకున్నారు.

నూకాలమ్మ గుమ్మంలో నిలబడి డార్కస్‌నే చూసింది.

“ఈ పొయ్యి నా ఇంటికి నువ్వే తెచ్చినావు. నువ్వే ఆయన ముందు ఇలా కూకోబెట్టినావు. నువ్వే దొంగని సేసినావు,” అని తలుపు వేసేసుకుంది.

*

గురువారం శ్యామ్ వ్యాన్ వేసుకుని వచ్చాడు. ఇంటింటికీ తిరిగి పీపాల రివెట్లు తెగ్గొట్టి నల్ల డబ్బీలు తీసుకున్నాడు. గుళికల బస్తాలు వ్యాన్‌లోకి ఎక్కించాడు. పీపాలు మాత్రం అక్కర్లేదట, ఎవరివి వాళ్లే ఉంచుకోవచ్చు. చివరికి డార్కస్ ఇంటి ముందు ఆగాడు. పడాల్సిన కోపమంతా దారిలోనే అయిపోయినట్టుంది.

“బస్తీని మొత్తం లిస్టులోంచి తీసేశారు దీదీ. నీ ఉద్యోగం కూడా…” అని ఆగిపోయాడు.

“తెలుసు. మరి ఫ్యాక్టరీ వాళ్లు?”

“వాళ్లకేం? వేరేవి కొనుక్కున్నారు. ఒక్క ఫోన్‌తో అయిపోయింది. ఎక్కడో అడవి ఉందట. దాన్ని నరక్కుండా ఉంచుతామని రాసిచ్చారట.”

“ఆ అడివిని ఎవులైనా నరుకుతామన్నారేటి?”

శ్యామ్ ఆ ప్రశ్న ఇంతకుముందు ఎప్పుడూ వేసుకోలేదు. “తెలీదు దీదీ,” అన్నాడు.

“శనివారం మీటింగు?”

“జరుగుతుంది.”

అతను అంతోనమ్మ గది మూలన బస్తా అడుగున మిగిలిన గుళికల వైపు చూసి, చూడనట్టు వెళ్లిపోయాడు. ఆ కాసిన్ని గుళికలు మర్నాడు పొద్దున వంటతో సరి. గ్యాసు బండ ఎప్పుడో ఖాళీ అయి మంచం కింద దొర్లుతోంది. కొత్తది తెచ్చుకోవాలంటే డార్కస్ జీతం రావాలి, ఆ జీతమే పోయింది.

కుంపటి తొడుగుల వాళ్లకు వచ్చిన నష్టం ఏమీ లేదు. తొడుగు ఉంది, బొగ్గు ఉంది. పోయిందల్లా చెప్పినట్టు విని చక్కగా వండుకున్న అయిదారు ఇళ్లకే. ఈ సంగతి డార్కస్‌కి వ్యాన్ మలుపు తిరిగాక గానీ తట్టలేదు. తట్టాక గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

శుక్రవారం సాయంత్రం అంతోనమ్మ తనే పెరటి గోడ మీద నుంచి పాత కుంపటి దింపించింది. బాలశౌరి బొగ్గు తెచ్చి పోశాడు. ముట్టించడానికి గుళికలు లేవు, ఇంట్లో కిరసనాయిలు లేదు. అట్టముక్కలు కాలి బూడిదయ్యాయిగానీ బొగ్గు అంటుకోలేదు.

అప్పుడు నూకాలమ్మ వచ్చింది. సోమవారం నుంచి ఆ గుమ్మం తొక్కలేదు. చేతిలో పెద్ద ఇనప గరిటె, దాంట్లో తన కుంపట్లోంచి తీసిన నిప్పులు. డార్కస్‌ని పలకరించకుండా వంగి నిప్పులు బొగ్గుల మధ్య ఒంపింది.

“ఒదినా, రేపు ఆ సున్వాయీకి నాను ఎల్తాను,” అంది అంతోనమ్మతో. “నా కుంపటి పొగ దాకా వచ్చి ఫొటోలు తీసినారు కదా. ఆ గొట్టానికెందుకు తియ్యరో అడుగుతాను. నువ్వూ వత్తావేటి?”

“అంత దూరం నడిత్తే ఊపిరాడదే,” అంది అంతోనమ్మ. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కోడలి వైపు తిరిగింది. “ఇది వత్తాది, నా బదులు.”

డార్కస్ తల ఎత్తలేకపోయింది. “అత్తా, నాను సెప్పకుండా ఉంటే నీకు…”

“నిజమే సెప్పినావు. మంచి పనే సేసినావు,” అంది అంతోనమ్మ. కోపం లేదు, జాలీ లేదు. “ఇప్పుడు ఊదు.”

డార్కస్ ఊదుగొట్టం అందుకుని కుంపటి ముందు కూర్చుంది. నిప్పులు తెల్లబడి, ఎర్రబడి, పక్క బొగ్గుకు పాకాయి. పచ్చటి పొగ ముద్దగా లేచి పెరడంతా కమ్ముకుంది. అత్తయ్య లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. తలుపు వెనక దగ్గు మొదలైంది. డార్కస్‌కి ఏడుపు వచ్చింది గానీ ఊదడం ఆపలేదు. ఆపితే ఆవిడకు అన్నం ఉడకదు.